నాబోతు ద్రాక్షతోట, జోడేఘాట్ గుట్ట: సాహిత్యపు సామాజిక ప్రయోజనంపై ఒక పరిశీలన

కాపరుల కూడికలలో సాహిత్యం ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా రెండు అభిప్రాయాలు వినబడతాయి. అది లోకసంబంధమైనది గనుక దైవసేవకునికి దానితో పనిలేదన్నది ఒకటి. ప్రసంగానికి పనికివచ్చే దృష్టాంతాలు, పద్యాలు అందులో దొరుకుతాయి గనుక కొంత చదవడం మంచిదే అన్నది రెండవది. మొదటి అభిప్రాయం గలవారు పుస్తకం తెరవరు. రెండవవారు తెరిచి, తమకు కావలసిన ముక్క తీసుకొని మూసివేస్తారు. ఆ పుస్తకం తమతో ఏమి చెబుతున్నదో ఇరువురూ వినరు. మేము చాలాకాలం రెండవ వర్గానికి చెందినవారమే. అంతకుముందు మొదటి వర్గంలో ఉన్నాము.

ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన ప్రశ్న ఇది: ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో పుట్టిన సాహిత్యం ఇక్కడి సమాజానికి ఏ పని చేసిపెట్టింది? ఆ పనికీ మన వాక్యపరిచర్యకూ సంబంధమున్నదా? ఇందుకు ప్రధానంగా అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవలను (1983) తీసుకొని, రాజులు మొదటి గ్రంథం 21వ అధ్యాయాన్ని దాని పక్కన ఉంచి చదువుతాము. నవల రాసినవారు క్రైస్తవులు కారు. వారు విప్లవ సాహిత్యోద్యమం నుండి వచ్చినవారు. ఆ విషయం ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే చాలామంది కాపరులు అక్కడే ఆగిపోతారు.

ముద్ర వేసిన తాకీదులు

నాబోతు కథను మనం సాధారణంగా దురాశకు హెచ్చరికగా బోధిస్తాము. అహాబు దురాశ, యెజెబెలు దుష్టత్వం, ఏలీయా ధైర్యం అని మూడు అంశాలుగా విభజించి, మూడవ అంశం తరువాత ప్రార్థన చేస్తాము. ఆ అధ్యాయంలో రాత గురించిన సంగతి ఒకటి ఉన్నదని మేము గమనించినది చాలా ఆలస్యంగా. యెజెబెలు కత్తి పట్టలేదు, కలం పట్టింది. రాజు పేరిట తాకీదులు రాయించి, రాజముద్ర వేయించి, నాబోతు ఊరి పెద్దలకు పంపింది. ఆ తరువాత జరిగినదంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఉపవాసదినం చాటించారు. పంచాయితీ కూర్చున్నది. ధర్మశాస్త్రం కోరినట్లే ఇద్దరు సాక్షులు నిలబడ్డారు. దేవుణ్ణీ రాజునూ దూషించాడన్న నేరం రుజువైంది. ఊరి వెలుపల రాళ్లతో కొట్టి చంపారు. యెజ్రెయేలు కచేరీ కాగితాలు ఈ రోజు తవ్వకాలలో దొరికితే, వాటిలో నాబోతు దైవదూషకుడుగానూ రాజద్రోహిగానూ ఉంటాడు. తోట చట్టప్రకారం సర్కారుకు దఖలు పడినట్లు ఉంటుంది.

ఆ కాగితాలకు ఎదురుగా ఎవరో కూర్చొని ఇంకొక కథ రాశారు. ద్రాక్షతోట తన పితరుల స్వాస్థ్యమని నాబోతు అన్న మాటను భద్రపరిచారు. తాకీదు ఎవరు రాయించారో, ముద్ర ఎవరిదో, సాక్షులు ఎటువంటివారో చెప్పారు. మనం దైవావేశ గ్రంథమని నమ్ముతున్న ఆ అధ్యాయం తన కాలంలో సర్కారు దస్తావేజుకు ఎదురు నిలిచిన రచన. సాహిత్యపు సామాజిక విలువ గురించి మాట్లాడేటప్పుడు నీతిబోధ, వినోదం, భాషాసేవ అని లెక్కలు చెబుతుంటారు. అవన్నీ ఉన్నవే. అయితే చచ్చిపోయినవాని మీద ఉన్న తీర్పును తిరగతోడడం అన్న పని ఆ లెక్కలలో కనబడదు. మా దృష్టిలో అదే మొదటిది.

జోడేఘాట్

గోండు నాయకుడు కొమురం భీం 1940లో ఆసిఫాబాద్ ప్రాంతపు జోడేఘాట్ గుట్టలలో నిజాం పోలీసుల కాల్పులలో మరణించాడు. అడవి నరికి సాగుచేసుకున్న భూములపై హక్కు, పశువుల మేతపై పన్నులు, అటవీ సిబ్బంది దౌర్జన్యం అన్నవి ఆ పోరాటానికి కారణాలు. పన్నెండు గూడేలకు భూమిపై, అడవిపై, నీటిపై అధికారం కావాలని వారు అడిగారు. అది రాజ్యానికి తిరుగుబాటుగా కనబడింది. ఆ తరువాతనే నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చేత గోండుల స్థితిగతులను పరిశీలింపజేసింది. ఆయన నివేదికలు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరిట అచ్చయ్యాయి. న్యాయంగా చెప్పాలంటే అవి యెజెబెలు తాకీదుల వంటివి కావు. గోండులు భూములు ఎలా పోగొట్టుకున్నారో ఆయన నిజాయితీగా రాశాడు, ప్రభుత్వాన్ని కదిలించాడు, మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలుపెట్టించాడు. కానీ అది ఇంగ్లీషులో అధికారుల కోసం రాసినది. ఆసిఫాబాద్ బజారులో ఉప్పు కొనుక్కొనే మనిషికి అది చేరదు.

నలభై ఏళ్లపాటు భీం పేరు గూడేలలో పాటగానూ ఆశ్వయుజ పౌర్ణమి నాటి స్మరణగానూ బతికింది. మైదానంలోని తెలుగువారికి ఆయన ఎవరో చాలావరకు తెలియదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. 60 మందికి పైగా అని పౌరహక్కుల వారు చెప్పారు. మరణించినవారి సంఖ్య మీదనే ఏకాభిప్రాయం లేదంటే, మిగిలినవారి పేర్లు ఏ కాగితంలో ఉన్నట్లు? ఆ తరువాత రెండేళ్లకే 'కొమురం భీం' నవల వెలువడింది. 1940 గురించి చెబుతూ ఆ నవల 1981ని కూడా చదివించింది. పాఠకులు అలాగే చదివారు.

నవల తరువాత జరిగినది అందరికీ తెలిసినదే. 1990లో సినిమా వచ్చింది. తెలంగాణ ఉద్యమంలో భీం పేరు వేదికలెక్కింది. రాష్ట్రం ఏర్పడిన తరువాత జోడేఘాట్‌లో స్మారకం, మ్యూజియం నిర్మించారు. 2016లో ఒక జిల్లాకు ఆయన పేరు పెట్టారు. 2022లో వచ్చిన పెద్ద సినిమా ఒకటి ఆయన పేరు తీసుకొని, జీవితాన్ని వదిలివేసి, ప్రపంచమంతా తిరిగింది. ఒకప్పుడు రాజద్రోహి అన్న పేరు ఈ రోజు కలెక్టరు కార్యాలయపు బోర్డు మీద ఉంది. దీనినంతటినీ ఒక నవలే సాధించిందని మేము అనము. పాట పాడినవారు, జాతర నిలిపినవారు, దెబ్బలు తిన్నవారు ముందున్నారు. కానీ గూడెంలోని జ్ఞాపకాన్ని మైదానానికి మోసుకొచ్చిన వాహనాలలో ఆ నవల ముఖ్యమైనది. బోర్డు చదివేవారిలో నవల చదివినవారెందరన్నది వేరే ప్రశ్న. విగ్రహం పెట్టిన చోట పుస్తకం తెరవవలసిన అవసరం లేదనిపించడం మానవ స్వభావం. సిలువ విషయంలో మనం చేసినదీ అదేనేమో.

ఇక్కడ ప్రచారంలో ఉన్న భీం జీవితకథలో మమ్మల్ని ఆలోచింపజేసిన ఘట్టం ఒకటుంది. ఊరి నుండి పారిపోయిన యువకుడు చాందాలో విఠోబా అనే ముద్రాపకుని దగ్గర పనికి కుదిరి, అచ్చుయంత్రం పక్కన అక్షరాలు నేర్చుకుంటాడు. ఆ తరువాత అస్సాం తేయాకు తోటలకు వెళ్లి, తిరిగి వస్తాడు. అక్షరం, కూలి, ప్రయాణం అన్న మూడూ చూసినవాడు గనుకనే అర్జీ ఏమిటో, అర్జీకి జవాబు రాకపోతే ఏమిటో ఆయనకు తెలిసింది. మన మిషన్ బడులలో చదివిన మొదటి తరం దళిత క్రైస్తవుల కథ కూడా దీనికి దూరమైనది కాదు. పటేలు చదివి వినిపించిన కాగితం మీద వేలిముద్ర వేయడం మానివేసిన రోజు వారి జీవితాలలో చిన్నది కాదు. ఆ రోజును ఎవరూ కథగా రాయలేదు. మన సంఘచరిత్రలలో మిషనరీల రాకపోకలు, గుడి ప్రతిష్ఠ తేదీలు ఉంటాయి.

పేతురు యాస

నవల భాష గురించి ఒక మాట. తెలంగాణ రచయితలు తమ యాసను పాత్రల నోట పెట్టడం గొప్పేమిటని కొందరు అడుగుతారు. దీనికి జవాబు సువార్తలలోనే ఉంది. ఎరిక్ అవర్‌బాక్ అనే యూదు పండితుడు నాజీ జర్మనీ నుండి వెళ్లగొట్టబడి, ఇస్తాంబుల్‌లో ఉండి రాసిన 'మిమెసిస్' అనే విమర్శ గ్రంథం 1946లో వెలువడింది. అందులో ఆయన పేతురు ప్రభువును ఎరుగనని బొంకిన రాత్రిని పరిశీలించాడు. చలిమంట, ఒక పనిపిల్ల, భయపడిన ఒక జాలరి. ప్రాచీన గ్రీకు, రోమా సాహిత్యపు పద్ధతిలో ఇటువంటి మనుషులు నవ్వించడానికే పనికివస్తారు. వారి ఏడుపు గంభీరమైన రచనకు వస్తువు కాదు. మార్కు ఆ గీత దాటాడన్నది అవర్‌బాక్ వాదన. ఒక జాలరి ఏడ్చిన ఏడుపు లోకానికి సంబంధించిన సంగతి అయింది. మత్తయి ఇంకొక వివరం చేర్చాడు: పేతురును పట్టించినది అతని పలుకే. యెరూషలేము వారి ముందు గలిలయ యాస దాగలేదు.

ఈ భాగాన్ని మేము మా ప్రాంతంలో చదివినప్పుడల్లా నవ్వు, బాధ రెండూ కలుగుతాయి. మన తెలుగు బైబిలు భాష, కీర్తనల భాష కోస్తా మిషన్ కేంద్రాలలో రూపుదిద్దుకొన్నవి. వాటి అందాన్ని మేము కాదనము, ఆ కీర్తనలలోనే పెరిగాము. కానీ కరీంనగర్ పల్లెలో ఒక సహోదరి సాక్ష్యం చెప్పడానికి నిలబడగానే తన మాట విడిచి 'దేవుడు నన్ను విడిపించియున్నాడు' అని మొదలుపెడుతుంది. ఇంటి దగ్గర అదే సంగతిని ఆమె ఎంత కళ్లకు కట్టేలా చెబుతుందో విన్నవారికి ఆ సాక్ష్యం సగమే అనిపిస్తుంది. తన యాసలో ఏడ్చే హక్కు గుడిలో లేదని ఆమెకు ఎవరు నేర్పారు? ఎవరూ నోటితో చెప్పలేదు. మేమే ప్రసంగవేదిక మీద నుండి ప్రతి ఆదివారం నేర్పాము. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారు సింగరేణి కార్మికుని మాటను, రైతు మాటను అచ్చులోకి తెచ్చినప్పుడు చేసినది చిన్న పని కాదని మాకు అప్పుడు అర్థం కాలేదు.

ఈ ప్రాంతపు సాహిత్యమంతా ఒకే రకమైనదని పాఠకులు అనుకోకూడదు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట అనే ఒకే ఊరు ఇద్దరిని ఇచ్చింది. ఒకరు ఉర్దూ మాధ్యమంలో చదువుకొని తెలుగు మహాకవి అయిన సి. నారాయణరెడ్డి. ఆయన 'విశ్వంభర'కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. మరొకరు ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములు. 'విశ్వంభర'లో మానవుడే నాయకుడు. క్రీస్తు ఆ మానవుడు ధరించిన అనేక రూపాలలో ఒకటి. బుద్ధుడు, సోక్రటీసు, గాంధీల వరుసలో ఆయనను నిలబెట్టడం మన విశ్వాసప్రమాణానికి సరిపోదు. అయినా ఆ కావ్యాన్ని చదివి వాదించిన వేదాంత విద్యార్థిని మేము ఇంతవరకు చూడలేదు. వాదించడానికైనా చదవాలి గదా. జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ ఫోటో స్టూడియో నడుపుకుంటూ కొద్ది పంక్తుల కవితలు రాసి, హైదరాబాద్ చేరి, క్షయవ్యాధితో 1993 జనవరి 12న మరణించాడు. వేశ్య గురించి ఆయన రాసిన చిన్న కవితను లూకా 7వ అధ్యాయపు సీమోను ఇంటి విందు పక్కన పెట్టి చదివితే, మనం ఎవరి వైపు కూర్చున్నామో తెలుస్తుంది. సిరిసిల్ల ప్రాంతపు పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి' నవలలో, భూమి వస్తుందన్న ఆశకూ ఇంటి బిడ్డలా పెంచిన ఎలుగుబంటి మీది ప్రేమకూ మధ్య నలిగిన ఒక పేద ముస్లిం కుటుంబం ఉంది. ఆదికాండము బోధించేవారు చదవదగినది.

జాషువా మన ప్రాంతం వాడు కాదు గాని మనవాడు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందని సభలలో గర్వంగా చెబుతాము. 'గబ్బిలం' గురించి అంత గట్టిగా చెప్పము. అందులో మనకు కావలసిన దృష్టాంతం లేదు, మన మీద ప్రశ్న ఉంది.

నవల హద్దులు

'కొమురం భీం' నవలను తప్పుపట్టరాదని మా అభిప్రాయం కాదు. అది గోండుల కథ. రాసినది గోండులు కానివారు, తెలుగులో. కథ ఎవరిదో వారి మాట గోండీ. గోండుల వంశకథలను తరతరాలుగా కిక్రీ మీటుతూ పాడిన ప్రధాన్‌లు ఉన్నారు. నార్నూర్ దగ్గరి గుంజాల గ్రామంలో గోండులకు సొంత లిపిలో రాతప్రతులున్న సంగతి 2006లో వెలుగులోకి వచ్చింది; ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు వాటిపై కృషి చేశారు; 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో స్థానం దొరికింది. అంటే 1983లో 'రాత లేనివారి కథను మేము రాస్తున్నాము' అనుకున్నవారు ఎవరైనా ఉంటే, వారికి తెలియని రాత అప్పటికే ఒక గూడెంలో మూటకట్టి ఉన్నది. మిషనరీలకూ ఇదే వర్తిస్తుంది, మనకూ వర్తిస్తుంది.

ఇంకొక సంగతి. ఉద్యమ సాహిత్యంలో చావుకు జవాబు సిద్ధంగా ఉంటుంది: చనిపోయినవాడు అమరుడు, పోరాటం సాగుతుంది. విలాపవాక్యముల గ్రంథం అంత త్వరగా జవాబు చెప్పదు. అది ఐదు అధ్యాయాలు ఏడ్చి, చివరకు కూడా ప్రశ్నతోనే ముగుస్తుంది. ఈ జిల్లాలలో అడవిలోకి వెళ్లిన కొడుకుల శవాలను, పోలీసు ఉద్యోగంలో చేరిన కొడుకుల శవాలను అందుకొన్న తల్లులు ఒకే గుడిలో కూర్చున్న సంఘాలున్నాయి. వారి విషయంలో నవల చెప్పగలిగినది కొంతే. కాపరి ప్రసంగం చెప్పగలిగినది ఇంకా తక్కువ అని మా అనుభవం.

ఒక ఒప్పుకోలు

1990ల చివర మేము కొత్తగా పరిచర్యలో చేరి, ఏజెన్సీ అంచున ఉన్న ఒక గ్రామ సంఘంలో ఉన్నాము. యౌవనస్థుల కూడికకు వచ్చే ఒక అబ్బాయి బైబిలు సంచిలో ఈ నవల మాకు కనబడింది. అవి భయంతో బతికిన రోజులు. ఇటువంటి పుస్తకం దొరికితే ఠాణాకు పిలుపు వచ్చేది. మేము పెద్దల ముందు అతణ్ణి నిలబెట్టి, వాక్యం ఉన్న సంచిలో ఇది ఎలా ఉంటుందని అడిగాము. అతడు గొంతు పెంచలేదు. "అయ్యగారూ, ఇండ్ల మా తాత పేరు లేదు గని మా తాత బతుకున్నది" అన్నాడు. పుస్తకం తీసుకొని వెళ్లిపోయాడు. ఆ తరువాత గుడికి రాలేదు. ఎక్కడో గల్ఫ్‌లో ఉన్నాడని కొన్నాళ్లకు విన్నాము. భయం మాకు నిజంగానే ఉండింది, దానిని సాకుగా చెప్పడం లేదు. కానీ మేము అడ్డుకొన్నది పోలీసుల నుండి అతణ్ణి కాపాడడానికి కాదు. ఆ రాత్రి మా మనస్సు మాకు ఆ సంగతి చెప్పింది. అప్పటికి మేము ఆ పుస్తకం ఒక్క పేజీ చదవలేదు. పదేళ్ల తరువాత గాని చదవలేదు.

గత సంవత్సరం మా ప్రస్తుత సంఘంలో స్త్రీల బైబిలు అధ్యయనంలో నాలుగు వారాలు నాబోతు కథ చదివాము. ప్రతి వారం వాక్యభాగం తరువాత నవలలోని కొన్ని పుటలు ఒక చదువుకున్న అమ్మాయి బిగ్గరగా చదివింది. మొదటి వారం ఎవరూ మాట్లాడలేదు. రెండవ వారం ఫారెస్టు గార్డుల గురించి, జీతగాళ్లుగా ఉన్న తమ తండ్రుల గురించి మొదలుపెట్టి ఆపలేదు. ఎవరూ బైబిలు భాషలో మాట్లాడలేదు. మూడవ వారం మేము అనుకోని నిశ్శబ్దం వచ్చింది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు చెల్లదన్న 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం మా ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా సంఘంలోనే రెండు మూడు కుటుంబాలు గోండుల చెలకలను నోటి కౌలు మీద ఏళ్ల తరబడి దున్నుతున్నాయి. వారూ పేదవారే, వారి తాతలూ వెట్టి చేసినవారే. నాబోతు ఎవరు, అహాబు ఎవరు అన్నది అంతవరకు మాకు సులభంగా కనబడింది.

నాలుగవ వారం, ఆ కుటుంబాలలో ఒకదానికి చెందిన ఒక వృద్ధురాలు అడిగింది: "అయ్యగారూ, అంత జరిగె, ఏలీయా అచ్చె, రాజు సచ్చె. మరి గా తోట ఆఖరుకు ఎవలకిచ్చిండ్రు?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చి వ్యాఖ్యాన గ్రంథాలు వెదికాము. రాజులు రెండవ గ్రంథం 9వ అధ్యాయంలో యెహూ అహాబు కుమారుని శవాన్ని నాబోతు పొలంలోనే పడవేయించాడు. అక్కడే, నాబోతు రక్తంతో పాటు అతని కుమారుల రక్తం కూడా చిందిందన్న మాట ఉంది. ఆ పొలాన్ని ఆ కుటుంబంలో ఎవరికైనా తిరిగి ఇచ్చినట్లు ఎక్కడా లేదు. తరువాతి వారం ఆమెకు ఈ సంగతి చదివి వినిపించాము. ఆమె విని, కొంగు సర్దుకొని, కుమారులెందరని అడిగింది.